నా జవాబు కోసం ఆగకండి

నేను రక్తం కల్చర్ సీసాని. అరచేతిలో ఇమిడిపోతాను. నాలో ఎండుగడ్డి రంగు ద్రవం, అడుగున సన్నటి రెజిన్ పూసలు, మూతి మీద రబ్బరు బిరడా ఉంటాయి. ఆ ద్రవం బ్యాక్టీరియాకు మేత. రోగి ముందే యాంటీబయాటిక్ వాడి ఉంటే రక్తంతో పాటు వచ్చే ఆ మందును పట్టి ఉంచడానికి పూసలు. నా అడుగున ఒక సెన్సర్ ఉంది. లోపల క్రిములు పెరిగి కార్బన్ డయాక్సైడ్ వదిలితే అది నీలిపచ్చ నుంచి పసుపుకు తిరుగుతుంది. నేను చెప్పగలిగేదంతా ఆ రంగులోనే చెప్పాలి.

నన్ను వాడింది కోస్తాలోని ఒక పెద్దాసుపత్రి ఐసీయూలో, నైట్ డ్యూటీ మొదలైన కాసేపటికి. ఏడో బెడ్ మీద అరవై దాటిన ఆవిడ. మూత్రంలో మంట, చలిజ్వరం అంటే ఊళ్లో జ్వరం బిళ్లలు వేసి చూశారట. తగ్గకపోతే కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. మానిటర్ మీద అంకెలు అంత భయపెట్టేలా లేవు. పై బీపీ 98, ఆక్సిజన్ 95. కానీ సిస్టర్ మానిటర్ని వదిలేసి ఆవిడ ఛాతీ మీద చెయ్యి పెట్టి, గోడ గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టింది. తర్వాత దుప్పటి తీసి మోకాళ్లు తడిమింది. చల్లగా ఉన్నాయి, చర్మం మీద వల పరిచినట్టు నీలం మరకలు. ఆవిడేమో సిస్టర్‌ని తన కూతురనుకుని, "పిల్లోడికి పాలు పట్టావా అమ్మాయ్" అని అడుగుతోంది.

"మేడమ్, ఊపిరి ఇరవై ఎనిమిది. పొద్దున్నించీ యూరిన్ బ్యాగ్‌లో వంద ఎమ్మెల్ కూడా లేదు. మాట తేడాగా ఉంది" అని పీజీ డాక్టర్ని పిలిచింది.

పీజీ వచ్చి ఆవిడ వేలికొసను గట్టిగా నొక్కి వదిలింది. తెల్లబడిన చోటికి రక్తం తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటింది. "సెప్సిస్ అనుకునే మొదలుపెట్టేద్దాం సిస్టర్. ముందు కల్చర్లు, వెంటనే ఇంజెక్షన్" అంది.

ఆ తర్వాతి నిమిషాలను దగ్గర్నుంచి చూశాను. నా ప్లాస్టిక్ మూత తీసి బిరడాను స్పిరిట్‌తో తుడిచారు. ఆవిడ మోచేతి మడత దగ్గర చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో రుద్ది, అది ఆరేదాకా ఆగారు. ఆరకుండా సూది గుచ్చితే చర్మం మీది క్రిములు నాలోకి దూరి, లేని జబ్బును ఉన్నట్టు చూపిస్తాయి. సూది బిరడాలో దిగగానే నాలోని వాక్యూమ్ రక్తాన్ని తనంతట తానే లాక్కుంది. నా లేబుల్ పక్కన ఉన్న గీత దాకా, అంటే పది ఎమ్మెల్. నా జతసీసా ఆక్సిజన్ లేని చోట పెరిగే క్రిముల కోసం. దాన్నీ నింపారు. రెండో చేతి నుంచి ఇంకో జత. నాలుగో సీసా నిండగానే యాంటీబయాటిక్ సెలైన్ లైన్లోకి ఎక్కింది.

ఈ వరుస మారకూడదు. 2019లో కెనడా, అమెరికా డాక్టర్లు ఒక అధ్యయనం చేశారు. సెప్సిస్ తీవ్రంగా ఉన్నవాళ్ల దగ్గర మందుకు ముందోసారి, మందు పడిన రెండు గంటల్లోపు ఇంకోసారి రక్తం తీశారు. ముందు తీసిన సీసాల్లో నూటికి 31 మందిలో క్రిమి దొరికితే, తర్వాత తీసినవాటిలో 19 మందిలోనే దొరికింది. మందు ఒక్క డోసు పడినా మా చూపు అంతగా మసకబారుతుంది. అలాగని రక్తం తియ్యడం కుదరలేదన్న సాకుతో మందును ఆపడమూ తప్పే.

తెల్లవారకముందే అటెండర్ మమ్మల్ని లాబ్‌కి చేర్చాడు. మెషీన్లో ఒక గూట్లో పెట్టారు. లోపల 35 డిగ్రీల వెచ్చదనం. పది నిమిషాలకోసారి నా అడుగున వెలుతురు పడుతుంది, రంగు మారిందా లేదా అని చూసి వెళ్తుంది. మెషీన్ పక్కనే పొడవాటి బల్ల. మైక్రోబయాలజీ పీజీలు జర్నల్ క్లబ్‌కి అక్కడే తయారవుతారు. ప్రొఫెసర్ మేడమ్ కూడా వచ్చి కూర్చుంటుంది. సెప్సిస్ గురించి నాకు తెలిసినదంతా ఆ బల్ల దగ్గర విన్నదే.

సెప్సిస్ అంటే రక్తంలో విషం ఎక్కడం అని చాలామంది అనుకుంటారు. చొరబడిన క్రిమి చేసే హాని కొంతే. దాన్ని తరమబోయి శరీరం అదుపు తప్పి, తన కిడ్నీలను, ఊపిరితిత్తులను, మెదడును తానే దెబ్బతీసుకోవడం సెప్సిస్. 2016లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన నిర్వచనం సారాంశం ఇదే. లాన్సెట్ పత్రిక 2020లో ప్రచురించిన లెక్క ప్రకారం 2017లో ప్రపంచంలో 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చింది, 1.1 కోట్ల మంది చనిపోయారు. ఆ ఏడాది మరణాల్లో ఐదింట ఒకటి.

గుండెపోటుకు ట్రోపోనిన్ పరీక్ష ఉంది. మలేరియాకు స్లైడ్ ఉంది. సెప్సిస్‌ను ఇదే అని తేల్చే ఒక్క పరీక్ష నేటికీ లేదు. 1991లో జ్వరం, నాడి, ఊపిరి, తెల్లకణాలతో ఒక కొలత పెట్టుకున్నారు. ఆపరేషన్ అయినవాళ్లు, ఒళ్లు కాలినవాళ్లు కూడా అందులో పడిపోయారు. 2016లో ఊపిరి 22కి చేరడం, పై బీపీ 100కి పడిపోవడం, తెలివిలో తేడా రావడం అనే మూడు గుర్తులతో చిన్న స్కోరు వచ్చింది. అది చాలామందిని ఆలస్యంగా పట్టుకుంటోందని, దానొక్కదాని మీదే ఆధారపడొద్దని 2021 మార్గదర్శకాలు చెప్పాయి. వల సందులు సన్నం చేస్తే చెత్తంతా వచ్చిపడుతోంది, వెడల్పు చేస్తే చేప జారిపోతోంది. ముప్పై ఏళ్లకు పైగా ఈ పరిశోధనంతా నలుగుతున్నది ఇక్కడే.

ఇంత పంతం ఎందుకంటే లెక్క గంటల్లో ఉంది. బీపీ పడిపోయిన సెప్టిక్ షాక్ రోగుల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో, తొలి ఆరు గంటల్లో సరైన మందు ఆలస్యమైన ఒక్కో గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం తగ్గింది. అందుకే షాక్ ఉన్నా, సెప్సిస్ అని గట్టిగా అనిపించినా గంటలోపు మందు పడాలంటారు. షాక్ లేక, అనుమానం మాత్రమే ఉంటే త్వరగా పరీక్షించి మూడు గంటల్లో తేల్చుకోవాలంటారు.

మరి నేను? రోగి ఒక ఎమ్మెల్ రక్తంలో బ్యాక్టీరియా ఒకటో రెండో ఉండొచ్చు, అదీ లేకపోవచ్చు. పది ఎమ్మెల్ అడిగేది అందుకే. నా సెన్సర్ రంగు తిరగాలంటే అవి ఎమ్మెల్‌కు కోటి దాకా పెరగాలి. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఈ.కొలైకి కూడా అందుకు పది పన్నెండు గంటలు పడుతుంది. తర్వాత ప్లేటు మీద పెంచాలి, ఏ మందుకు చస్తుందో చూడాలి. మొత్తం రెండు మూడు రోజులు. రోగికి ఉన్నది గంట. ఈ తేడాను చెరపాలని ఎన్నో దేశాల్లో మనుషులు రాత్రింబవళ్లు పనిచేస్తున్నారు. వాళ్లు గెలవాలని నేను మనసారా కోరుకుంటున్నాను. గెలిస్తే నా అవసరం తగ్గుతుందని తెలుసు. తగ్గనివ్వండి.

బల్ల దగ్గర విన్నవాటిలో నాకు బాగా నచ్చింది పసిబిడ్డల కథ. వర్జీనియా విశ్వవిద్యాలయంలో గుండె డాక్టర్లు, పిల్లల డాక్టర్లు కలిసి ఒక సంగతి గమనించారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు సెప్సిస్ పైకి కనబడటానికి గంటల ముందే గుండె కొట్టుకునే తీరు మారుతుంది. మామూలుగా ఉండాల్సిన చిన్న చిన్న హెచ్చుతగ్గులు పోతాయి, మధ్యమధ్య ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. మానిటర్ మీద రోజూ కనబడే గీతలోనే ఇది దాగి ఉంది. దాన్ని ఒక అంకెగా మార్చి తెర మీద చూపించారు. 1500 గ్రాముల లోపు బరువున్న 3,003 మంది బిడ్డలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆ అంకె కనబడింది, ఇంకో జట్టుకు లేదు. 2011లో ఫలితం వచ్చింది. మరణాలు 10.2 శాతం నుంచి 8.1కి తగ్గాయి. అదనంగా ఒక్క సూది గుచ్చలేదు, ఒక్క చుక్క రక్తం తియ్యలేదు.

పెద్దవాళ్ల విషయంలో కంప్యూటర్ మీద ఆశ పెట్టుకున్నారు. కేస్‌షీట్‌లో పడే అంకెలన్నీ చదువుతూ, ఇతనికి సెప్సిస్ రావొచ్చు అని ముందే హెచ్చరించే ప్రోగ్రాములు. అమెరికాలో చాలా ఆసుపత్రులు వాడుతున్న అలాంటి ఒకదాన్ని మిషిగన్‌లో పరీక్షించి చూస్తే, సెప్సిస్ వచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మందిని అది పట్టుకోలేకపోయిందని 2021లో తేలింది. మరుసటి ఏడాది జాన్స్ హాప్కిన్స్ నుంచి వేరే కబురు వచ్చింది. సుచి సారియా బృందం తయారుచేసిన ప్రోగ్రాము హెచ్చరించిన మూడు గంటల్లోపు డాక్టర్ చూసి స్పందించినచోట, ఆలస్యమైనచోటతో పోలిస్తే మరణాలు 18.7 శాతం తక్కువ.

"లాటరీ వేసి చేసిన ప్రయోగం కాదు కాబట్టి ఆచితూచి చదవాలి" అంది ప్రొఫెసర్ మేడమ్. "కానీ ఒకటి గుర్తుపెట్టుకోండమ్మా. అలారం ఒక్కటే ప్రాణం నిలబెట్టలేదు. అలారం మోగాక బెడ్ దగ్గరికి మనిషి వెళ్లాలి."

నాకు ఏడో బెడ్ దగ్గరి సిస్టర్ గుర్తొచ్చింది. ఒక్క నర్సుకు పదేసి మంచాలు అప్పగిస్తే నిండా నిమిషం ఊపిరి లెక్కపెట్టే తీరిక ఎక్కడిది? ఎంత తెలివైన ప్రోగ్రామైనా కేస్‌షీట్‌లో ఎవరో రాస్తేనే చదువుతుంది. ముందుగా పట్టుకోవాలంటే ముందు చూసే మనుషులు ఉండాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

నా పనికే నేరుగా పోటీ వచ్చింది కొరియాలోని సియోల్ నుంచి. 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. రక్తంలోని బ్యాక్టీరియాను పట్టుకునే పెప్టైడ్ పూసిన అయస్కాంత కణాలతో వాటిని ఏరి, గుర్తించి, ఏ మందు పనిచేస్తుందో కూడా సగటున 13 గంటల్లో చెప్పగలమన్నారు. మందుకు లొంగని క్రిములు ఇంతగా పెరిగిపోయిన మన దేశానికి ఇలాంటిది చాలా అవసరం. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో నవజాత శిశువుల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అసినెటోబ్యాక్టర్ క్రిముల్లో 82 శాతం పలు రకాల మందులకు లొంగలేదు. గంటలో మందు ఇచ్చినా అది పనిచెయ్యని మందైతే ఆ గంట వృథా.

మరునాడు పొద్దు వాలకముందే నా రంగు తిరిగింది. మెషీన్ కూసింది. టెక్నీషియన్ నాలోంచి ఒక చుక్క తీసి స్లైడ్ మీద గ్రామ్ స్టెయిన్ చేశాడు. గులాబీ రంగు కడ్డీలు. వెంటనే ఐసీయూకి ఫోన్ చేశారు. తర్వాత ప్లేటు మీద ఈ.కొలై అని తేలింది. మామూలు మందులు చాలావాటికి లొంగని రకం. మొదటి రాత్రి ఇచ్చిన ఇంజెక్షన్‌కు మాత్రం లొంగుతుంది. మూడో రోజు పీజీ రిపోర్టు తీసుకోవడానికి వచ్చి, "ఆవిడ లేచి కూర్చుంది మేడమ్, కొడుకుని పేరుపెట్టి పిలుస్తోంది" అంది.

నా పక్క గూట్లో ఇంకో సీసా ఉండేది. ఒక కుర్రాడి రక్తం. కాలి పుండుతో మొదలై, మూడు చోట్ల మూడు రకాల యాంటీబయాటిక్‌లు వాడి, ఏ మందులో ఎవరికీ తెలియకుండా, చీటీ కూడా లేకుండా రెఫరై వచ్చాడు. ఐదు రోజులు గడిచినా ఆ సీసా రంగు మారలేదు. 'నో గ్రోత్' అని రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు తీసుకోవడానికి ఎవరూ రాలేదు, కుర్రాడు రెండో రోజే పోయాడు. నో గ్రోత్ అంటే సెప్సిస్ లేదని కాదు. మాకు చెప్పే అవకాశం దక్కలేదని.

ఇప్పుడు నేను ఆటోక్లేవ్‌కి వెళ్లే ట్రేలో ఉన్నాను. నా పని అయిపోయింది. ఇది చదువుతున్న మీకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమో, పుండో, మూత్రంలో మంటో ఉండి, దాంతో పాటు ఊపిరి వేగం పెరిగినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా, కాళ్లూ చేతులూ చల్లబడినా మర్నాటి దాకా ఆగకండి. ఆసుపత్రి గుమ్మంలోనే "ఇది సెప్సిస్ కావచ్చా?" అని అడగండి. అప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులు, ఇంజెక్షన్ చీటీలు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.