నీడనున్న తొట్టి: ఒక గప్పీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
నీడ నున్న తొట్టి నిలువ నీరు వలయు
నాచు వేసి పైన నలుసు మేత
తల్లి తినక మున్నె తరలించవలె నామె
గప్పి పెంపకంబు కష్టమగునె

అవతారిక: గప్పీలు పిల్లలు పెట్టడానికి అద్దాల పెట్టె, గాలి మోటారు, రంగుల బల్బు అక్కరలేదు. వేసవి నెలల్లో ఆరుబయట తొట్టిలో వదిలితే ఆ పని అవే చూసుకుంటాయి. ఈ చేప స్వస్థలం దక్షిణ అమెరికా ఉత్తర భాగం, దాన్ని ఆనుకుని ఉన్న ట్రినిడాడ్ దీవి. రాబర్ట్ జాన్ లెచ్మియర్ గప్పీ అనే ఆయన ట్రినిడాడ్ నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి నమూనాలు పంపగా 1866లో ఆయన పేరు దీనికి పెట్టారు. 1859లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పీటర్స్ వేరే పేరు పెట్టి ఉండటం వల్ల శాస్త్రంలో ఆ పేరు, అంగట్లో ఈ పేరు నిలిచాయి. పద్యకర్త అంగడి పేరునే గ్రహించాడు.

ప్రతిపదార్థం: నీడన్ + ఉన్న = మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలని చోట ఉన్నటువంటి; తొట్టి = సిమెంటుదో ప్లాస్టిక్‌దో వెడల్పాటి పాత్ర, పాత కుడితి గోలెమైనా సరే; నిలువ నీరు = ఒకటి రెండు రోజులు పట్టి ఉంచిన నీరు; వలయు = కావాలి; నాచు = హైడ్రిల్లా, జావా మాస్ వంటి నీటి మొక్కలను; వేసి = నీటిలో విడిచి; పైన = నీటి మీద; నలుసు మేత = పొడి చేసిన మేతను (చల్లవలెనని అధ్యాహారం); తల్లి = ఈనిన ఆడచేప; తినక మున్నె = తన పిల్లలను తినకముందే; ఆమె = ఆమెను; తరలించవలెన్ = వేరే తొట్టిలోకి మార్చాలి; గప్పి పెంపకంబు = గప్పీలను పెంచడం; కష్టము + అగునె = కష్టమవుతుందా? కాదని భావం.

తాత్పర్యం: నీడపట్టున తొట్టి పెట్టి, నిలవ ఉంచిన నీరు పోసి, నాచు వేసి, మేత కొద్దిగా చల్లుతూ, ఈనిన తల్లిని వేరు చేస్తే గప్పీల పెంపకం సులువు.

విశేషాంశాలు:

నీడ: గప్పీకి హితమైన నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీల సెల్సియస్. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మేడమీది నల్ల ప్లాస్టిక్ టబ్బులో నీరు 35 డిగ్రీలు సునాయాసంగా దాటుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 35 దగ్గర ఆ పరిమితి సుమారు 7కు దిగుతుంది. ఆ వేడికే చేప ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అంటే రాబడి తగ్గిన రోజునే ఖర్చు పెరుగుతుంది. శంక: నీడే కావాలంటే తొట్టిని వంటింట్లోనే పెట్టవచ్చు కదా? సమాధానం: పెట్టరాదు. ఉదయపు ఎండ తగిలితేనే నాచు పెరుగుతుంది, పసిపిల్లలు తినే సూక్ష్మజీవులు పుడతాయి. కాబట్టి నీడ అంటే మధ్యాహ్నపు నీడ అనే గ్రహించాలి. తూర్పు గోడ పక్క గాని, షేడ్ నెట్ కింద గాని ఇది సిద్ధిస్తుంది.

తొట్టి: ఆక్సిజన్ నీటిలోకి దిగేది పైభాగం నుంచే గనుక లోతు కన్నా వెడల్పు ముఖ్యం. అడుగున్నర లోతు చాలు. కొత్త సిమెంటు తొట్టిలో చేపలను వెంటనే వేయకూడదు. సిమెంటులోని సున్నం నీటిలోకి దిగి చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. రెండు మూడు వారాల పాటు నీరు నింపుతూ పారబోస్తూ ఉంటే ఆ ఘాటు తగ్గుతుంది.

నిలువ నీరు: కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ చేపలకు విషం. వెడల్పాటి పాత్రలో పట్టి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో అది గాలిలో కలిసిపోతుంది. ఎండకు ఇంకిన నీటిని భర్తీ చేసేటప్పుడూ ఇదే నియమం. మిట్టమధ్యాహ్నం చల్లని నీరు గుమ్మరించక సాయంత్రం పూట కొద్దికొద్దిగా పోయాలి. శంక: నిలువ నీరు దోమలకు పుట్టిల్లు కదా, శుక్రవారం డ్రైడే అని మున్సిపాలిటీ వారు వస్తే ఏమని చెప్పాలి? సమాధానం: తొట్టి చూపించాలి. దోమపిల్లలు గప్పీకి ఇష్టమైన భోజనం. చేపలున్న తొట్టిలో అవి బతికి బట్టకట్టవు. పక్కనే చేపలు లేని బకెట్టు ఉంటే మాత్రం ఆ శంక నిజమే.

నీరు ఆకుపచ్చగా మారడం దోషం కాదు, అది పిల్లలకు మేత. మరీ చిక్కబడితే ప్రమాదం. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ పచ్చదనమే రాత్రి దాన్ని తానే వాడుకుంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి చేరి నోళ్ళు తెరుస్తుంటే నాలుగో వంతు నీరు తీసి, నిలవ ఉంచిన నీటిని చెంబుతో ఎత్తు నుంచి పోయాలి.

నాచు: పిల్ల పుట్టేటప్పుడు ముడుచుకుని కిందికి జారుతుంది, ఒళ్ళు విరుచుకుంటుంది, ఆ వెంటనే దాక్కునే చోటు వెతుకుతుంది. తల్లి వెనక్కి తిరిగేలోపు ఆ చోటు దొరకాలి. నాచు ఒత్తుగా ఉండాలనడం ఇందుకే. వేసే ముందు దాన్ని కడిగి చూడాలి. చెరువు నాచుతో తూనీగ లార్వా వచ్చిందంటే తల్లి తినగా మిగిలినవాటిని అది తింటుంది. లకుముకి పిట్ట, పిల్లి పద్యంలో లేకపోయినా పెరట్లో ఉంటాయి గనుక తొట్టి మీద వల కప్పాలి.

నలుసు మేత: రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. మిగిలింది అడుగున కుళ్ళి, వేసవిలో నీటిని త్వరగా చెడగొడుతుంది. ఆకలితో చచ్చే గప్పీల కన్నా యజమాని ప్రేమతో చచ్చేవే ఎక్కువ.

తల్లి: ఇది ఉపలక్షణం. కాకుల నుంచి పెరుగు కాపాడమంటే పిల్లిని రానివ్వమని అర్థం కానట్టే, తల్లిని తీసేయమంటే తండ్రిని ఉండనివ్వమని కాదు. పెద్ద గప్పీలన్నీ పిల్లలను తింటాయి. కడుపు పలకలు తేరి, తోక మొదట్లోని మచ్చ నల్లబడితే ఈత దగ్గరపడినట్టు. ఈతకూ ఈతకూ మధ్య సుమారు నాలుగు వారాలు. ఈతకు ఇరవై నుంచి యాభై దాకా పిల్లలు పుడతాయి. పద్యంలో తండ్రి ప్రస్తావన లేకపోవడం కవి మరుపు కాదు. ఒక్కసారి జత కలిస్తే ఆడచేప ఆ బీజాన్ని నెలల తరబడి దాచుకుని, మగచేప లేకుండానే మరికొన్ని ఈతలు ఈనగలదు.

పాఠాంతరం: మూడో పాదంలో "తల్లి తినిన పిదప" అని కొందరు చదువుతారు. దీనివల్ల ఛందస్సుకు భంగం లేదు, సంతానానికే భంగం. అయితే తల్లి మేత తిన్న పిదప అని అన్వయిస్తే ఈ పాఠమూ నిలుస్తుంది. కడుపు నిండిన తల్లి పిల్లల జోలికి తక్కువగా పోతుంది.

నాలుగో పాదం: "కష్టమగునె" అన్నది కాకువు. కష్టం లేదన్న మాట పెంపకానికే వర్తిస్తుంది, పెరిగినవాటి పంపకానికి కాదు. పుట్టిన ఆడపిల్లలు రెండు మూడు నెలలకే తల్లులవుతాయి గనుక వేసవి మొదట్లో వేసిన నాలుగు చేపలు తొలకరి నాటికి తొట్టికి మించుతాయి. మృగశిర నాడు చేపలు తినే ఆచారం వీటికి వర్తించదు. వాన నీటితో తొట్టి పొంగకుండా అంచుకు నాలుగు అంగుళాలు వెలితి ఉంచాలి. పొంగితే మురుగు కాలువలో పడతాయి, అక్కడా బతుకుతాయి.

ఫలశ్రుతి: ఈ పద్యార్థాన్ని ఆచరించినవారికి ఇరుగుపొరుగుకు పంచేటన్ని గప్పీలు కలుగుతాయి. పంచగా మిగిలినవాటిని దుకాణానికి ఇవ్వవచ్చు, లేదా ఆడమగలను వేరు చేసి ఉంచవచ్చు. చెరువులో మాత్రం వదలరాదు. గప్పీ ఈ నేల చేప కాదు, అక్కడి చిన్న చేపల మేతకూ చోటుకూ పోటీ వస్తుంది.