పువ్వు కాని పువ్వు, ఎలుక కాని ఎలుక

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడంలో మా బందరువాళ్లం ఎవరికీ తీసిపోం. మొన్న ఆదివారం నేనైతే మరీ దూరం వెళ్లాను.

మా ఆవిడ గుడివాడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిరియానీ మసాలా పొట్లం విప్పింది. అందులో కాలిన కాగితం ముక్కల్లా ఏవో కనిపిస్తే, చెత్తనుకుని ఏరబోయాను.

"రాతిపువ్వండీ అది! చెయ్యి తియ్యండి."

అదే క్షణాన పెర్త్ నుంచి మావాడి ఫోటో వచ్చింది. వాడి పక్కన పిల్లంత జంతువు, పేరు క్వొక్కా. నవ్వు మావాడికంటే దానికే బాగా కుదిరింది.

రాతిపువ్వు పువ్వు కాదు, లైకెన్. రాతి మీదే ఉండాలనీ లేదు, చెట్టు బెరడు మీదా పెరుగుతుంది. లేకపోతే మైలురాయి తప్ప రాయి కనబడని మా దివిసీమలో కొబ్బరి మానులకి లైకెన్ మచ్చలెక్కడివి? ఒక బూజూ ఒక నాచూ కలిసి చేసే కాపురమిది. బూజు ఇల్లవుతుంది, నాచు ఎండలో వండిపెడుతుంది. ఈ సంగతి 1867లో బయటపెట్టిన స్విస్ పండితుడు ష్వెండెనర్, బూజు యజమాని, నాచు బానిస అని పోల్చాడు. ఆ ముక్క మా ఆవిడకి చదివి వినిపించడం నా తెలివితక్కువ.

ఇక క్వొక్కా. 1696లో డచ్చి కెప్టెన్ విల్లెం డి వ్లామింగ్ పెర్త్ దగ్గర ఇవి ఉండే దీవిలో దిగి, వీటిని పెద్ద ఎలుకలనుకుని, దీవికి ఎలుకల గూడని పేరెట్టేశాడు. అదే ఇవాళ్టి రాట్‌నెస్ట్. పాపం, క్వొక్కా కంగారూకి చుట్టం. బిడ్డని ఆరు నెలలు పొట్టసంచిలో మోస్తుంది. ఆయన్ని పంపిన డచ్చి కంపెనీకి అప్పటికే మా బందరులో కొట్లున్నాయి. మా వలందపాలెం ఆ వలందావాళ్ల పేరే. ఎలుకంటే ఏదో ఇక్కడ ఏ ధాన్యం కొట్టులో అడిగినా చూపించేవాళ్లు.

"రెండింటికీ పేరు పెట్టినవాడు సరిగ్గా చూడలేదు, అంతే పోలిక" అన్నాను.

"మీరు మాత్రం చూశారా? చెత్తన్నారు" అంది ఆవిడ.

క్వొక్కాని ముట్టుకుంటే అక్కడ జరిమానా వేస్తారట. రాతిపువ్వుని ముట్టుకున్నందుకు ఆ పూట ఉల్లిపాయలన్నీ నేనే తరిగాను.