వ్యాను నెత్తినెక్కిన ప్యానెల్ ఆత్మకథ

బ్యాటరీ నిండకపోతే మొదటి తిట్టు ఈ ప్యానెల్‌కే తగులుతుంది. లోపల ఫ్యాను నెమ్మదించినా, ఫ్రిజ్ ఉన్నట్టుండి ఆగిపోయినా, యజమాని కళ్లు వెళ్లేది వ్యాను పైకే. అందుకే ఈ ప్యానెల్ తన కథ తానే చెప్పుకోదలచింది. చెబుతున్నది తన గురించే అయినా ‘నేను’ అనదు. వైరు, కంట్రోలరు, ఫ్యూజు, బ్యాటరీ కింద సరిగ్గా కుదిరితేనే ఏ ప్యానెలైనా ప్యానెల్. లేదంటే ఎండలో పరిచిన గాజు.

వంశం మాత్రం గొప్పదే. 1954 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ లోకానికి చూపిన సిలికాన్ సెల్ తన మీద పడిన ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చగలిగింది. 1958లో ఆ జాతి సెల్స్ వాన్‌గార్డ్-1 ఉపగ్రహంతో అంతరిక్షానికి వెళ్లాయి. ఇవాళ బజార్లో దొరికే మోనోక్రిస్టలైన్ (మోనో) ప్యానెళ్లు 20 శాతం దాటేశాయి. ఈ ప్యానెల్ కూడా మోనోయే. 36 సెల్స్, 165 వాట్లు. దీనికి జోడీగా అచ్చం ఇలాంటిదే మరొకటి ఉంది.

రెండూ వ్యానెక్కింది సాలూరులో. విజయనగరం నుంచి ఒడిశా మీదుగా రాయపూర్ పోయే దారిలో సాలూరు లారీల ఊరు. 2022లో జిల్లా మారి పార్వతీపురం మన్యంలో కలిసింది గానీ, ఈ చుట్టుపక్కల లారీకి బాడీ కట్టించాలన్నా, వైరింగు వెతికించాలన్నా ఇప్పటికీ దారి అటే. టెక్కలికి చెందిన యజమాని పాత డీజిల్ వ్యానును పడక, పొయ్యి, చిన్న ఫ్రిజ్‌తో ఇల్లుగా మార్చుకోవాలని అక్కడికి తీసుకెళ్లాడు.

అతను చేసిన మంచి పని, ప్యానెల్ కొనక ముందే కాగితం తీసుకుని లెక్క వేయడం. 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 8 గంటలకు 224 వాట్ అవర్లు. 45 వాట్ల ఫ్రిజ్ కంప్రెసర్ మన ఉక్కకి రోజులో సగం పొద్దు ఆడుతుందనుకుంటే 540. లైట్లకు 40, ల్యాప్‌టాప్‌కీ ఫోన్లకీ 150. వెరసి 950 పైచిలుకు. కోస్తాలో ఏడాది సగటున రోజుకు 5 గంటల నిండు ఎండ దొరుకుతుంది. వేడికీ, దుమ్ముకీ, వైర్లకీ పోయే 30 శాతం తీసేస్తే 330 వాట్ల జోడీ ఇచ్చేది 1,150 చిల్లర. సరిపోతుంది. అదే మామూలు 75 వాట్ల సీలింగ్ ఫ్యాను పెట్టి ఉంటే దానికే 600 కావాలి. ఇంకో ప్యానెల్ మోయించే బదులు ఫ్యాను మార్చడం ఎంత తెలివైన పనో ఈ ప్యానెల్‌కి తెలుసు.

బ్యాటరీ దగ్గర బేరం గట్టిగానే సాగింది. ఇళ్లలో ఇన్వర్టరుకి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోల పైమాటే, పైగా సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పన్నెండు పదమూడు కిలోలు, 1,280 వాట్ అవర్లలో చాలా భాగం నిశ్చింతగా వాడుకోవచ్చు. ధర ఎక్కువైనా యజమాని దానికే మొగ్గాడు. కంట్రోలరు కూడా చవకరకం పీడబ్ల్యూఎం కాకుండా ఎంపీపీటీ తీసుకున్నాడు. ఈ ప్యానెల్ 18 వోల్టుల మీద 9 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ ఉన్న 13 వోల్టులకు లాగి కూర్చోబెడుతుంది. 13ను 9తో గుణించండి, 117 వాట్లు. మిగతాది బూడిదలో పోసిన పన్నీరే. ఎంపీపీటీ ఆ పై వోల్టులను ఆంపియర్లుగా మార్చి కిందికి పంపుతుంది.

అయినా 165 అన్న అంకె కంపెనీ ప్రయోగశాల నాటిది. సెల్ వేడి 25 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. మే నెలలో నరసన్నపేట దాటి హైవే పక్కన ఆగిన వ్యాను రేకు మీద సెల్ వేడి 65 డిగ్రీలు చేరడం వింత కాదు. డిగ్రీకి 0.4 శాతం చొప్పున 16 శాతం ఎగిరిపోతుంది. ప్యానెల్‌ని రేకుకి అతికించకుండా నాలుగు వేళ్లు ఎత్తి బిగించడం అందుకే, కింద గాలి ఆడాలి.

ఏ వైపు వంచాలన్నది మరో ప్రశ్న. సూర్యుడి దారి శ్రీకాకుళం వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో పొద్దుటి కిరణాలు స్వామి పాదాలు తాకడం కోసం జనం చీకటితోనే క్యూ కడతారు. ఈ ఊరి అక్షాంశం 18 డిగ్రీల చిల్లర. మే నడుమ ఒకసారి, జులై చివర మరోసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్యలో ఉత్తరానికి ఒరుగుతాడు కూడా. కాబట్టి వ్యాను పైన పడుకోబెట్టిన ప్యానెల్‌కి ఎండాకాలం లోటు లేదు. డిసెంబరులోనే కష్టం. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పడుకున్న ప్యానెల్‌కి ముప్పాతిక ఎండే అందుతుంది. దక్షిణం వైపు కాస్త ఎత్తిపెట్టే మడత క్లాంపులు ఆ నెలల్లో పనికొస్తాయి.

ఇక నీడ. ఉద్దానం పోతే కొబ్బరి, జీడి, పనస. వ్యాను మనిషికి చెట్టు నీడ కావాలి, ప్యానెల్‌కి ఎండ కావాలి. ఈ తగువు ఏ రోజూ తెగదు. ఒక్క కొబ్బరాకు నీడ ఈ ప్యానెల్ మీద అడ్డంగా పడిందంటే ఆ మేరకే నష్టం అనుకుంటారు చాలామంది. కాదు. 36 సెల్స్ ఒకే వరసలో కలిసి ఉంటాయి. నీడ పడ్డ సెల్ దగ్గర కరెంటు ఆగితే వరసంతా ఆగుతుంది. వెనక పెట్టెలో ఉండే బైపాస్ డయోడు ఆ సెల్ ఉన్న సగాన్ని వదిలేసి రెండో సగాన్ని బతికిస్తుంది. కానీ సగం ప్యానెల్ ఇచ్చేది 9 వోల్టులే, దానితో 12 వోల్టుల బ్యాటరీ నిండదు. అందుకే జోడీని సిరీస్‌లో కలిపారు. ఒకదాని సగం పోయినా మిగిలిన 27 వోల్టులు ఎంపీపీటీకి చాలు. నీడ ఉంటే పారలల్ మేలని అందరూ అనే మాట, ఇలా రెండే చిన్న ప్యానెళ్లున్న చోట నిలబడదు.

ఇంత చేసినా కొన్నాళ్లకు సాయంత్రమయ్యేసరికి బ్యాటరీ నిండడం మానేసింది. బారువ, కళింగపట్నం, భావనపాడు తీరాల్లో రాత్రుళ్లు గడిపి వచ్చాక మొదలైందిది. ప్యానెల్ కడిగి చూశారు. ఉప్పు పొర, టెక్కలి గ్రానైట్ క్వారీల దుమ్ము కలిసి అద్దం మీద పేరుకున్న మాట నిజమే. కడిగితే కొంచెం మెరుగైంది, అంతే. యజమాని మూడో ప్యానెల్ కొనడానికి సిద్ధపడి సాలూరు వెళ్లాడు.

“ప్యానెల్‌ని ఏటనకండి బాబూ. అది ఇస్తంది. దారిలో ఎవులో తినేస్తన్నారు,” అన్నాడు లారీల వైరింగులో నెరిసిన మేస్త్రి. “ముందు కొలిసి సూద్దాం. కొనడానికేటుంది, ఎప్పుడైనా కొనొచ్చు.”

మల్టీమీటరు పైనుంచి కిందికి దిగింది. ప్యానెళ్ల కొసలు విప్పి చూస్తే సిరీస్‌లో 41 వోల్టులు. ఎండకి కాగిన జోడీకి అది సరైన అంకె. కంట్రోలరు చివర 14.4. బ్యాటరీ టెర్మినల్ మీద 13.2. రెండింటి మధ్య రెండు మీటర్ల వైరు కూడా లేదు, 1.2 వోల్టులు మాయం. మేస్త్రి ఫ్యూజు హోల్డరు దగ్గర వేలు పెట్టి తీసేశాడు, చురుక్కుమంది. టేపు విప్పితే క్రింపింగ్ ప్లయర్ లేక మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కిన థింబుల్, లోపల రాగి పోగులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. తప్పంతా అక్కడే. ఆ అతుకు అడ్డుకోవడంతో కంట్రోలరు తన దగ్గర 14.4 చూసుకుని, బ్యాటరీ నిండిపోయిందని మోసపోయి, మధ్యాహ్నం నుంచే కరెంటు తగ్గించేస్తోంది. పైన ఎండ దండిగా ఉన్నా ప్యానెల్‌కి పని లేదు.

చిలుం పట్టిన మేర కోసేసి, తగరం పూత ఉన్న వైరు వేసి, సరైన పనిముట్టుతో థింబుల్ నొక్కి, పైన హీట్ ష్రింక్ గొట్టం తొడిగాడు. పనిలో పనిగా ఫ్రిజ్‌కి వెళ్లే టూ పాయింట్ ఫైవ్ వైరు మార్చి ఆరు ఎస్‌క్యూఎంఎం వేశాడు. పోనూ రానూ పది మీటర్ల దారిలో 10 ఆంపియర్లు పారితే టూ పాయింట్ ఫైవ్ 0.74 వోల్టులు మింగుతుంది, ఆరు 0.31 దగ్గర ఆగుతుంది. 230 వోల్టుల ఇంట్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. 12 వోల్టుల బండిలో కంప్రెసర్ స్టార్టవడం, అవకపోవడం దీని మీదే ఉంటుంది. ఇంట్లో వాడే ఏసీ స్విచ్ ఒకటి బ్యాటరీ లైనులో కనిపిస్తే దాన్నీ పీకేశాడు. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు, రవ్వ సాగి స్విచ్‌నే కాలుస్తుంది.

ఎండతో వ్యాను కూడా నడవదా అని దారిలో అడిగేవాళ్లుంటారు. 2016లో నవీన్ రాబెల్లి అనే ఇంజనీరు ఓ ఆపే ఆటోను ఎలక్ట్రిక్‌గా మార్చి, పైన సోలార్ ప్యానెళ్లు పరిచి, లోపల పడక, సోలార్ కుక్కర్ పెట్టుకుని బెంగళూరులో బయల్దేరి లండన్ చేరాడు. ఆ ఆటో పేరు తేజస్. అది తేలికైన బండి, నెలల తరబడి సాగిన ప్రయాణం. టన్నుల బరువున్న డీజిల్ వ్యాను ఈ జోడీతో కదలదని ఈ ప్యానెల్ నిజాయితీగా చెబుతుంది. ముసురు పట్టి రెండు మూడు రోజులు సూర్యుడు కనిపించకపోతే లోపలి ఫ్రిజ్‌నే నడపలేదు. అందుకే ఇంజను ఆల్టర్నేటరు నుంచి డీసీ టు డీసీ చార్జరు కూడా పెట్టించారు.

అక్టోబరు దగ్గర పడితే మేస్త్రి ఫోను చేసి మరీ గుర్తుచేసేది పైనున్న బోల్టుల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఇక్కడివాళ్లు మరిచే తుఫాన్లు కావు. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు టెక్కలి ఇంటి ముందు ఆపిన ఈ వ్యాను వీధిలో వాళ్ల ఫోన్లకి చార్జింగు ఇవ్వగలదు. ముందు గాలికి ప్యానెల్ ఎగిరిపోకూడదు. మడత క్లాంపులు దించి, బోల్టుల కింద స్ప్రింగ్ వాషర్లు చూసి, తుప్పు పట్టినవి తీసి స్టెయిన్‌లెస్ స్టీలువి వేయడం ఒక పూట పని. ఈ ఏడాది ఆ పని సెప్టెంబరులోనే అయిపోయింది.