జీరో రేడియేషన్, నూరు శాతం తండ్రి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి నంబర్లకి విలువ పోయి చాలా కాలమైంది. ఇప్పుడంతా మెట్రో పిల్లర్ నంబరే. కోచింగ్ సెంటరైనా, హాస్టలైనా, పచ్చళ్ల కొట్టైనా, సంతాన సాఫల్య కేంద్రమైనా ఫలానా పిల్లర్ ఎదురుగానే ఉంటుంది. మొన్న అలాంటి ఒక పిల్లర్ దగ్గర బండి ఆపి టీ తాగి వచ్చేసరికి హ్యాండిల్‌కి రెండు కరపత్రాలు దోపి ఉన్నాయి. ఒకటి గ్రూప్-2 కొత్త బ్యాచ్‌ది, రెండోది వెరికోసీల్‌ది. రెండూ గ్యారంటీ ఇస్తున్నాయి. గ్రూప్-2 వాడే కాస్త నయం, ‘షరతులు వర్తిస్తాయి’ అని చీమ తలకాయంత అక్షరాల్లో అయినా వేశాడు.

రెండోవాడికి షరతుల్లేవు. ‘కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు, రేడియేషన్ లేదు. ఉదయం రండి, సాయంత్రం వెళ్లండి, ఆరు నెలల్లో తండ్రి కండి.’ కింద నీలికళ్ల పసిపాప బొమ్మ. ఆ పాపని చూస్తే చైతన్యపురి దంపతులకి కొత్త అనుమానాలు పుట్టాలిగానీ నమ్మకం ఎలా పుడుతుందో నాకు అర్థం కాలేదు.

ఆ నాలుగు ‘లేదు’ల్లో మొదటి రెండూ నిజమే. మూడోది మన అదృష్టాన్ని బట్టి. నాలుగోది పచ్చి అబద్ధం.

సంగతేమిటంటే, వృషణాల నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు ఉబ్బి మెలికలు తిరగడాన్ని వెరికోసీల్ అంటారు. మన జనం ‘నరాలు ఉబ్బాయి’ అంటారు, కొందరు వరిబీజంతో కలిపేస్తారు. అది నీరు పట్టడం, ఇది సిర ఉబ్బడం. మగవాళ్లలో నూటికి పదిహేను మందికి ఉంటుంది. పిల్లలు పుట్టడం లేదని పరీక్షకి వచ్చిన మగవాళ్లలో నూటికి ముప్పై అయిదు నలభై మందికి కనబడుతుంది. ఎక్కువగా ఎడమవైపే. ఆ వైపు సిర కిడ్నీ సిరలోకి నిలువుగా వెళ్లి గోడకి గుద్దుకున్నట్టు కలుస్తుంది కాబట్టి, లోపలి కవాటం సడలితే రక్తం వెనక్కి జారుతుంది. దీనికి మైక్రోస్కోప్ కింద చేసే ఆపరేషన్ ఒకటుంది. కోత లేని దారి ఇంకొకటి: మెడ దగ్గరో తొడ మొదట్లోనో సూది గుచ్చి, సన్నని గొట్టాన్ని లోపలి నుంచి ఆ సిర దాకా తోసి, ప్లాటినం చుట్టలతోనో మందుతోనో దాన్ని మూసేస్తారు. పేరు ఎంబోలైజేషన్. మంచి పద్ధతే, చేతులు తిరిగిన వైద్యులున్నారు, దానితో నాకు పేచీ లేదు. కాకపోతే గొట్టం లోపల ఎక్కడ తిరుగుతోందో చూడాలంటే ఎక్స్‌రే కావాలి. ఒక్క ఫొటో చాలదు, సినిమాలా వరసగా ఆడుతూ ఉండాలి. రేడియేషన్ లేకుండా ఎంబోలైజేషన్ అంటే, హెడ్‌లైట్ లేకుండా అర్ధరాత్రి శ్రీశైలం ఘాట్ దిగడమే.

మా చెల్లెలి కొడుకుని వెంటబెట్టుకుని ఎల్బీనగర్ వైపున్న ఒక కేంద్రానికి వెళ్లాను. (పేరు రాయను. రాస్తే మిగతావాళ్లు అలుగుతారు.) డాక్టరుగారి కంటే ముందు కౌన్సెలర్ దర్శనం. చక్కని అమ్మాయి, ట్యాబ్‌లో ప్యాకేజీలు చూపించింది: సిల్వర్, గోల్డ్, ప్లాటినం.

“ప్లాటినం అంటే లోపల పెట్టే చుట్టా?” అన్నాను.

“కాదంకుల్, అది ఏసీ రూము.”

“రేడియేషన్ ఉంటుందామ్మా?”

“అస్సలుండదంకుల్. ఇది అమెరికన్ టెక్నాలజీ.”

“మరి గొట్టం లోపల ఎక్కడుందో ఎలా చూస్తారు?”

“కెమెరాలో అంకుల్.”

ఆ అమ్మాయి కుర్చీ వెనకే ఒక తలుపుంది. తలుపు మీద మూడు రెక్కల రేడియేషన్ గుర్తు. పైన ఎర్ర బల్బు. పక్కనే, గర్భిణులు ముందుగా సిబ్బందికి చెప్పాలని నోటీసు. లోపలి నుంచి వచ్చిన టెక్నీషియన్ సీసం ఏప్రన్‌ని నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పడేసి టీకి వెళ్లాడు. ఆ ఏప్రన్‌ని మడవకూడదు, హ్యాంగర్‌కి వేలాడదీయాలి. మడతల దగ్గర లోపలి సీసం పగుళ్లిస్తుంది. లేని రేడియేషన్‌కి ఏప్రన్ ఎందుకంటారా? ఆ మాట నేనూ అడగబోయాను, మా వాడు కాలు తొక్కాడు.

అసలు తమాషా వేరే ఉంది. ఇలాంటి యంత్రం నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, అంటే 1983లో పుట్టిన మన ఏఈఆర్‌బీ లైసెన్సు ఉండాలి. సిబ్బంది ఛాతీకి బ్యాడ్జి కట్టుకుని తిరగాలి, ఎవరికెంత మోతాదు తగిలిందో లెక్క ఉండాలి. కాబట్టి ఆస్పత్రి వాళ్లు ముంబైకి దరఖాస్తు పెట్టేటప్పుడు ‘అయ్యా, మా దగ్గర రేడియేషన్ ఉంది, అనుమతివ్వండి’ అని రాస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కరపత్రం పంచేటప్పుడు ‘రేడియేషన్ లేదు’ అని వేస్తారు. ఒకే గది, ఒకే యంత్రం. విజయవాడ బస్సెక్కేలోపు మాట మార్చే బ్రోకర్లని ఎల్బీనగర్ చౌరస్తాలో చూశాను గానీ ఇంత హుందాగా మార్చేవాళ్లని చూడలేదు.

అయినా హైదరాబాద్‌లో ‘జీరో రేడియేషన్’ అమ్మడానికి గుండె ధైర్యం కావాలి. మనం కూర్చున్నదే గ్రానైట్ రాళ్ల మీద. వాటిలో పొటాషియం, థోరియం, యురేనియం కొద్దికొద్దిగా ఉండనే ఉంటాయి. ఎల్బీనగర్‌లో సాగర్ రోడ్డు పట్టుకుని తిన్నగా పోతే నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు యురేనియం నిక్షేపాలు. ఈసీఐఎల్ వైపు వెళ్తే అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ. ఏ చికిత్సా చేయించుకోని మనిషికి కూడా ప్రకృతి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ వడ్డిస్తుందని ప్రపంచ లెక్క. వంటింటి గట్టుకే జీరో లేదు, క్యాథ్‌ల్యాబ్‌కి ఎక్కడిది!

ఇక రెండో ముఠా. ఇది కరపత్రాలు వేయదు, నోటితోనే పనిచేస్తుంది. మా కొత్తపేట ఇంటి ఓనరు దీనికి అధ్యక్షుడు.

“గా కిరణాలు తగిల్తె మగతనం ఖతమంట గద సార్. మా బామ్మర్ది కొడుకు చేపిచ్చుకున్నడు. ఆర్నెల్లు పెండ్లాం దిక్కు పోకురా, వేరే అర్రల పండుకో అని చెప్పిన.”

“విన్నాడా?”

“పాపం, మంచిగ విన్నడు. ఇంక పిల్లలైతె కాలే.”

కారు మరి! ఎక్స్‌రే ట్యూబులైటు లాంటిది. స్విచ్ తీశాక గదిలో వెలుగు మిగలదు, ఒంట్లో కిరణాలూ మిగలవు. లోపల ఉండిపోయే చుట్టలు వట్టి లోహం, అవి ఏమీ వెదజల్లవు. ఓనరుగారి భయానికి మూలం లేకపోలేదు. ఎక్స్‌రే కనిపెట్టిన ఎనిమిదేళ్లకే, 1903లో, జర్మనీలో ఆల్బర్స్-షోన్‌బెర్గ్ అనే వైద్యుడు కుందేళ్ల మీదా గినీ పందుల మీదా ఎక్స్‌రే పెట్టి, వాటి వీర్యంలో కణాలు మాయమవడం చూశాడు. చివరికి ఆయన ప్రాణాన్ని కూడా ఆ కిరణాలే తీశాయి. కానీ ఆ మోతాదులేమిటి, ఈ మోతాదులేమిటి? వృషణాలకి ఒక్కసారిగా 150 మిల్లీగ్రే తగిలితే కౌంట్ కొంతకాలం పడిపోవచ్చు. శాశ్వతంగా పోవాలంటే 3,500 నుంచి 6,000 మిల్లీగ్రే కావాలి. పద్ధతిగా చేసిన ఎంబోలైజేషన్‌లో అక్కడికి చేరేది ఆ 150కి చాలా కిందే ఉంటుంది.

‘పద్ధతిగా’ అన్నాను చూడండి, ప్రాణమంతా ఆ మాటలోనే ఉంది. ఎక్స్‌రే పెడల్ డాక్టరుగారి కాలి కింద ఉంటుంది. కాలు ఎంతసేపు ఆనిస్తే అంత. కిరణాల కిటికీని ఎంత ఇరుకు చేస్తే అంత మేలు. కిటికీ కింది అంచు వృషణాల దాకా దిగకుండా చూసుకోవాలి, ఊరికే పెద్దది చేసి చూడకూడదు, చివరి బొమ్మ తెర మీద నిలిచి ఉండగా మళ్లీ నొక్కకూడదు. ఇవన్నీ తెలిసినవాడు చేస్తే భయపడాల్సింది లేదు. తెలుసో తెలియదో మనకి చెప్పేది యంత్రం మీద పడే అంకె ఒక్కటే. రేడియేషనే లేదన్నాక ఇక అంకె ఎవరు చెబుతారు?

ఇప్పుడు నూరు శాతం సంగతి. కొత్తపేట పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో, కథల్లో మునులు సంతానం కోసం పండిచ్చేవాళ్లు గుర్తొచ్చి నవ్వుకునేవాణ్ణి. మార్కెట్ బాటసింగారం పోయింది, మునులు మాత్రం ఇక్కడే ఉండిపోయి ప్యాకేజీలిస్తున్నారు. దశరథుడికి పాయసం ఇచ్చినవాడు కూడా ఆరు నెలలని గడువు పెట్టలేదు. శుక్రకణం తయారు కావడానికే దాదాపు 74 రోజులు పడుతుంది, అందుకే చికిత్స అయిన మూడు నెలలకి గానీ వీర్యపరీక్షకి అర్థం ఉండదు. సుమారు మూడింట రెండు వంతుల మందికి రిపోర్టు మెరుగుపడొచ్చు, గర్భం నిలిచేది అంతకంటే బాగా తక్కువ మందికి. కొందరిలో గొట్టం ఆ సిరలోకి ఎక్కనే ఎక్కదు, కొందరికి మూసిన సిర పక్కన ఇంకోటి ఉబ్బుతుంది.

ఇలాంటి ప్రకటనలకి చట్టం లేదా అంటే ఉంది, 1954 నాటిది. మాయమందుల చట్టం అంటారు. మందుతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో ‘స్త్రీలలో సంతానలేమి’ ఉంది. మగవాళ్లది లేదు. మగాడికి ఆ లోపం ఉండొచ్చన్న ఊహే ఆనాటి పెద్దలకి తట్టినట్టు లేదు. మా ఇంట్లోనూ అదే తీరు. కోడలికి అప్పటికే మూడు స్కాన్లూ రెండు మొక్కులూ అయ్యాయి, మా వాడికి ఒక్క వీర్యపరీక్ష చేయించడానికి రెండేళ్లు పట్టింది.

ఆ పరీక్షలో కౌంట్ మిల్లీలీటరుకి 11 మిలియన్లు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో గీసిన కింది గీత 16. డాప్లర్ స్కాన్‌లో ఎడమవైపు సిర ‘కొద్దిగా’ ఉబ్బినట్టుందట. ఇంకేం, గోల్డ్ ప్యాకేజీ, ఈఎంఐ ఫారం సిద్ధం. ఆ కేంద్రంలో ఉన్న రెండు గంటల్లో మా వాణ్ణి నిలబెట్టి చేత్తో తడిమి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వెరికోసీల్‌కి అసలు పరీక్ష అదే. చేతికి తగలకుండా స్కాన్‌లో మాత్రమే కనబడేదానికి పిల్లల కోసమని చికిత్స చేయొద్దని 2020లో అమెరికా యూరాలజీ, సంతాన వైద్య సంఘాలు రెండూ కలిసి రాసుకున్నాయి. అమెరికన్ టెక్నాలజీ అన్నారు కదా, యంత్రంతో పాటు ఆ కాగితం కూడా తెప్పించుకోవాల్సింది.

తర్వాత ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. నిలబెట్టి, దగ్గమని, రెండు నిమిషాలు చూశాడు. ఏమీ తగల్లేదన్నాడు. “ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా?” అన్నాడు. రెండు నెలల కిందట డెంగీ. “జ్వరం కౌంట్‌ని కొన్నాళ్లు పడగొడుతుంది. మూడు నెలలాగి మళ్లీ చేయించు.” చేయించాడు. ముప్పై ఒకటి.

మీలో ఎవరికైనా వెరికోసీల్ నిజంగానే చేతికి తగిలి, కౌంట్ నిజంగానే తగ్గి, ఎంబోలైజేషన్ చేయించుకోబోతుంటే నిశ్చింతగా చేయించుకోండి. ఒప్పుకునే ముందు మాత్రం రెండు అంకెలు అడగండి: ఎక్స్‌రే ఎన్ని నిమిషాలు ఆడింది, మోతాదు ఎంత వచ్చింది. డిశ్చార్జి కాగితంలో రాసిస్తామంటేనే సంతకం పెట్టండి. దూదినీ గ్లవుజులనీ లెక్కపెట్టి బిల్లు వేసేవాళ్లకి ఇదేమంత కష్టం కాదు.

కౌన్సెలర్ అమ్మాయి మా వాడికి ఇంకా ఫోన్ చేస్తూనే ఉంది. ఆఫర్ ఈ నెలాఖరు దాకేనట.