కప్పు లెక్కల పంతులుగారు

చిరాగ్‌పల్లి యనగానే లారీవారికి, 65వ జాతీయ రహదారిపై కర్ణాటక సరిహద్దు దాపున వెలసి 2025లో మూతపడిన రవాణా శాఖవారి తనిఖీ కేంద్రము స్ఫురించును గాని, క్రొత్తగా ఇంటికి రేకులు వేయించుకొను గృహస్థునకు అంతకన్న కఠినమైన తనిఖీ మఱియొకటి కలదు. ఇనుపగొట్టములు నిలువగానే, ఉద్యోగము చాలించిన లెక్కల పంతులుగారొకరు పిలువకయే విచ్చేసి, గోడనీడను కుర్చీ వేయించుకొని, చాయ వచ్చువఱకు మౌనము వహించి, పిదప "ఎత్తెంత?" అని ప్రశ్నింతురు. నిచ్చెన యెక్కుట వారి శాస్త్రమునకు విరుద్ధము. బౌధాయనుని శుల్బసూత్రములను, భాస్కరుని లీలావతిని, తెనుఁగున గణితమును పద్యములలో బొదిగిన పావులూరి మల్లనను నేలమీదనుండియే సాక్ష్యమునకు బిలుతురు. చూరు కొసనుండి నడికొప్పు సూటివఱకు అడ్డము 12 అడుగులు, ఎత్తు 5, వర్గములు 144, 25 కలిసి 169, మూలము 13, ఇంటి పొడవు 30 గనుక రెండు వాలులకు 780 చదరపుటడుగులు. ఇంతలో మేస్త్రి పైకెక్కి, వాలువెంట టేపు పఱచి, "పదమూడు ఫీట్లే సారూ" అని కేకవేయగా, తమ సిద్ధాంతమునకు ప్రత్యక్షప్రమాణము లభించెనని తలయూపుదురు.

రేకుల సంఖ్యయొద్దనే కొంత చిక్కు. సిమెంటు రేకు వెడల్పు 1.05 మీటరు, ఒకదానిపై నొకటి యెక్కగా దక్కునది 1.01, వరుసకు తొమ్మిది పఱచినచో ఒక కొసను అర అంగుళము ఆకాశము మిగులును. పదియవ రేకు జహీరాబాదునుండి ఆటోలో దిగుసరికి, ఆ అర అంగుళము గోడ కట్టినవాని దోషమని పంతులుగారు తీర్మానించి యుందురు.

అసలు ప్రజ్ఞ కూలి చెల్లించునాడు బయటపడును. చదరపుటడుగు లెక్కన కుదిరిన మేస్త్రి 780 అడుగగా, కప్పును నడిమింటినుండి చూడవలెననియు, నీడ 24 అడుగులకు 30 గనుక 720 మాత్రమే యనియు సెలవిత్తురు. నిలువుగా గురియు వానకది న్యాయమే. కప్పెంత నిటారైనను పట్టు నీరు ఆ నీడకొలదియే. మేస్త్రి మాత్రము, "నీడకు బోల్టులు బిగియ్యలే సారూ, రేకుకు బిగించిన" అనును.

ఇందు పంతులుగారికి దక్కునది చాయ తప్ప పైసా లేదు. ఆ చాయ పోసిన యింటిపై గల విశ్వాసమే వారి గణితమును వంచునని నా యూహ. ఇంటిపన్నుకై పంచాయతీవారు రాగా, చూరు ఇల్లు కాదని గోడలకు దిగి, 20ని 30చే గుణించి 600 అందురు. హుమ్నాబాదునుండి పిల్లను చూడవచ్చిన వియ్యాలవారికి మాత్రము అదే యిల్లు 780 అని, కర్ణముతోసహా నిరూపింతురు.