నోట్‌ప్యాడ్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “స్టార్టు లేదు, సి-డ్రైవు లేదు, నోట్‌ప్యాడ్ ఏదిరా నాయనా!”

ప్రతిపదార్థం: స్టార్టు = విండోస్ 10లో ఎడమ మూల కూర్చుని సమస్తాన్నీ కడుపులో దాచుకున్న మీట; లేదు = కనబడలేదని భావం, నిజంగా లేదని కాదు; సి-డ్రైవు = ఫైళ్ల పుట్టిల్లు; నోట్‌ప్యాడ్ = రంగూ రుచీ లేని అక్షరాలు రాసుకునే చోటు; ఏదిరా = ప్రశ్న, అందులోనే నింద; నాయనా = సంబోధన. ఎవరినన్నది మూలకారుడు చెప్పలేదు. ఉబుంటు అనే లినక్స్ ఎక్కించి వెళ్లిపోయిన మేనల్లుణ్ణని వ్యాఖ్యాతల ఊహ.

తాత్పర్యం: 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు పాత యంత్రాల్లో చాలావాటికి లేదు. అలా లినక్స్‌కు మారిన గృహస్థుడి ఆర్తి ఇది. అయితే ఆయన వెతుకుతున్నది పేరును, వెతకవలసింది పనిని. నోట్‌ప్యాడ్ చేసే పనిని ఇక్కడ ‘టెక్స్ట్ ఎడిటర్’ చేస్తుంది, టాస్క్ మేనేజర్ పనిని ‘సిస్టమ్ మానిటర్’ చేస్తుంది. సి-డ్రైవులో దాచుకునేలాంటివన్నీ ఇక్కడ ‘హోమ్’ అనే ఫోల్డరులో దాచుకోవాలి. సూపర్ మీట, అంటే విండోస్ గుర్తున్న ఆ మీటే, నొక్కి పేరు సగం కొట్టినా చాలు.

“పేర్ల సంగతి సరే, చేతి అలవాటు మాటేమిటి? ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో కంట్రోల్-సి కొడితే కాపీ కాదు సరికదా, నడుస్తున్న పనే ఆగిపోతోందే!” అని పూర్వపక్షం. నిజమే. కానీ కంట్రోల్-సికి ‘ఆపు’ అనే అర్థమే పాతది, కాపీ తర్వాత వచ్చి చేరింది. టెర్మినల్ తన పాత హక్కు వదులుకోలేదు, కాపీకి షిఫ్ట్ కూడా కలపమంటుంది. వేళ్లు అలవాటుపడక మానవు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేసేవారికైతే అక్షరాల విషయంలో ఆ కష్టమూ లేదు. అది ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన కీబోర్డు గనక రెండుచోట్లా అక్షరాల అమరిక ఒక్కటే.

గట్టి ఆక్షేపణ మరొకటుంది. పేజ్‌మేకర్‌లో ‘అను’ ఫాంట్లతో ఏళ్ల తరబడి పెళ్లిపత్రికలు, పుస్తకాలు కూర్చిన డీటీపీ ఆపరేటరు ఏ పేరుతో వెతికినా, ఏ పనితో వెతికినా ఉబుంటులో ఆ సరంజామా దొరకదు. అక్కడ సూత్రంలోని ‘లేదు’ అక్షరాలా లేదనే. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఈ లోపాన్ని లినక్స్ ఖాతాలో రాయడం మాత్రం అన్యాయం. ఆ ముడి పడింది ఫైలు రాసిననాడే. దాన్ని విప్పడానికి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒత్తులు, దీర్ఘాలు సరిచూసుకోవడానికి ఒక ప్రూఫ్‌రీడరు కావాలి.