సెట్ బాబాయ్

మండల కేంద్రం అన్నాక ఒక ఎమ్మార్వో ఆఫీసు, దానికెదురుగా జిరాక్స్ కొట్టు, కొట్టు పక్కన టీ బడ్డీ, బడ్డీ ముందు బల్ల మీద ఒక బాబాయ్ ఉండి తీరతాడు. సర్కారు రికార్డుల్లో ఆయన ఉద్యోగం ఎక్కడా కనపడదు. ఆయన్ని పలకరించకుండా ఆఫీసు మెట్లెక్కేవాడూ కనపడడు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండే ఉంటుంది గానీ, ఊరికి మాత్రం ఆయన సెట్ బాబాయ్.

ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. జేబులో రెండు పెన్నులు: ఒకటి తనది, రెండోది ఎవరో సంతకం పెట్టి మర్చిపోయింది. చంకలో బట్టలకొట్టు వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవరు. అందులో స్టాంపు ప్యాడు, గమ్ము సీసా, గుండుసూదులు, ఎవరెవరివో పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ఆ ఫొటోల్లో పెళ్ళికొడుకుల్లా ఉన్నవాళ్ళలో కొందరికి ఈపాటికి మనవలు పుట్టి ఉంటారు. ఫోను తెరిస్తే ‘కరెంటాఫీసు పొడుగాయన’, ‘సర్వేయరు అసిస్టెంటు’, ‘ఎమ్మార్వో డ్రైవరు’, ‘ఎమ్మార్వో డ్రైవరు బావమరిది’ అని పేర్లు. ఎమ్మార్వో నంబరు మాత్రం ఉండదు. అంతదాకా పోవాల్సొస్తే మధ్యలో తనెందుకు అంటాడు.

ఆయనకు వచ్చిన ఇంగ్లిషు మాట ఒక్కటే. సంసారం మొత్తం దాని మీదే ఈదుకొస్తున్నాడు.

ఇంజినీరింగు అడ్మిషన్ల సీజనులో చూడాలి ఆ మాట వైభవం.

“మా అమ్మాయికి ఈఏపీసెట్‌లో ర్యాంకొచ్చింది బాబాయ్. కౌన్సెలింగుకి ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలంట.”

“ఏ సెట్ అయితేనేంరా అబ్బాయ్! ఆధార్, రేషన్ కార్డు మూడు సెట్లు జిరాక్స్ తీయించు. ఒక సెట్టు నా దగ్గర పడెయ్. లోపల మనవాణ్ణి సెట్ చేస్తా. మంచి కాలేజీ సెట్టయిందనుకో, నాలుగేళ్ళాగి సంబంధం కూడా నేనే సెట్ చేస్తా. ముందు ఆ కాలరు సెట్ చేసుకో, ఆఫీసులోకి వెళ్తున్నాం.”

ఒక గుక్కలో ఏడు సెట్లు. ఆ తండ్రి ఒక్కదానికీ తడుముకోలేదు. పరీక్ష, కాగితాల కట్ట, గుమాస్తాను బుట్టలో వేసుకోవడం, సీటు దక్కడం, పెళ్ళి కుదర్చడం, చొక్కా సర్దుకోవడం... దేనికది విడివిడిగా బోధపడింది.

పరీక్ష పేరు చివర ఉన్న సెట్ అసలు ఈ సెట్ కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల పొడి అక్షరాలు అని చెప్పి చూడండి. బాబాయ్ జాలిగా నవ్వుతాడు. 1986లో పుట్టిన ఎంసెట్ ఆంధ్రలో 2021లోనూ, తెలంగాణలో 2024లోనూ ఈఏపీసెట్ అయిపోయింది. ముందున్న అక్షరాలు ఎగిరిపోయాయి గానీ చివరి సెట్‌ను కదిపే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేకపోయిందని ఆయన లెక్క.

పెళ్ళికూతురి మెడలో నగల సెట్టు, తాతగారి గ్లాసులో పళ్ళ సెట్టు, హోటల్లో సెట్ దోస, టీవీ కింద సెట్ టాప్ బాక్సు. ఇవన్నీ మనబోటివాళ్ళకు వేరువేరు వస్తువులు. బాబాయ్‌కి మాత్రం అన్నీ ఒకే కుటుంబం. ఇల్లు కట్టేవాడు చుట్టూ వదలాల్సిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటారు. ఎంత స్థలానికి ఎంత వదలాలో 2012 నాటి జీవో 168లో పట్టికలు వేసి మరీ చెప్పారు. బాబాయ్ భాష్యంలో ఆ మాటకు అర్థం వేరే. “బ్యాక్ అంటే వెనకాల. వెనకాల సెట్ చేసుకోమని వాళ్ళే రాస్తే మనమేం చేస్తాం?”

సినిమాల్నీ వదలడు. పొలం మ్యుటేషన్ ఆగిపోయిందని బల్ల మీద కూలబడ్డ రైతుకు ఆయన చెప్పే ధైర్యం ఇది. “2003లో ఒక్కడు సినిమాకి గుణశేఖర్ ఏం చేశాడు? చార్మినార్ హైదరాబాదులో నిక్షేపంలా ఉండగానే ఇంకో చార్మినార్ సెట్ వేయించాడు. నీది ఎకరంన్నర. అదో లెక్కా?” రైతు లేచి టీ చెబుతాడు.

బాబాయ్ అసలు నేర్పు మాత్రం వ్యాకరణంలో ఉంది. పని అయితే “సెట్ చేశా” అంటాడు. కాకపోతే “సెట్ అవలేదు” అంటాడు. చేయడమేమో ఆయన వంతు, అవకపోవడం దైవాధీనం. ఇన్నేళ్ళలో “సెట్ చేయలేకపోయాను” అన్న వాక్యం ఆయన నోట విన్నవాడు లేడు. మీసేవలో అర్జీ పెడితే ఇన్‌కమ్ సర్టిఫికెట్ గడువులోపు ఎలాగూ వస్తుంది. వచ్చిన రోజు పొద్దున్నే ఫోను మోగుతుంది: “చూసుకున్నావా? రాత్రే సెట్ చేశా.” సర్వరు డౌనయి రాలేదనుకోండి, “పైనుంచే సెట్ అవట్లేదురా, హైదరాబాదులో సమస్య” అంటాడు. ఇచ్చిన డబ్బు తిరిగి అడగాలంటే మనకే మొహమాటం. హైదరాబాదు సమస్యకు పాపం ఆయనేం చేస్తాడు?

ఈ విద్యను ఊళ్ళో ఒప్పుకోనివారు ఒక్కరే, రైల్వే స్కూల్లో ఇంగ్లిషు చెప్పి రిటైరైన మాస్టారు. ఒకరోజు టీ తాగుతూ ఆయన ఉండబట్టలేక బాబాయ్‌ని నిలదీశారు.

“ఏమయ్యా, ఆ మాట లోతు నీకు తెలుసా? 1989లో ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పు వచ్చింది, 20 సంపుటాలు. అందులో అన్నిటికన్నా పెద్ద ఆరోపం ‘సెట్’దే. 430 అర్థాలు! వాటి వివరణే 60 వేల మాటలు!”

“అన్నీ నేను వాడేవేనా మాస్టారూ?”

“నీ బొంద! ఇప్పుడు ఆ కిరీటం కూడా పోయింది. కొత్త సవరణల్లో ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటేసింది.”

బాబాయ్ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించాడు. “రన్ అంటే మనమే పరిగెత్తాలి మాస్టారూ. సెట్ అంటే మన తరఫున ఇంకోడు పరిగెడతాడు. జనం దేనికి డబ్బులిస్తారో మీరే చెప్పండి.”

మాస్టారు ఆ పూట టీ సగంలో వదిలేసి వెళ్ళారు.

నవంబరు వచ్చింది. పింఛను తీసుకునేవాళ్ళు తాము బతికే ఉన్నామని రుజువు చూపాల్సిన నెల. వేలిముద్రతో ఆ పని తేల్చే జీవన్ ప్రమాణ్ 2014లోనే వచ్చింది. మాస్టారు జిరాక్స్ కొట్టులో మిషన్ మీద బొటనవేలు పెట్టారు. కుదరలేదు. చూపుడువేలు పెట్టారు. కుదరలేదు. ఏళ్ళ తరబడి సుద్దముక్క పట్టి గీతలు అరిగాయో, వయసుకే చెరిగాయో గానీ, పది వేళ్ళూ తిరగేసినా ఆయన బతికున్నారంటే మిషను నమ్మలేదు. చివరికి మాస్టారు ఎవరి మొహమూ చూడకుండా బల్ల వైపు నడిచారు.

బాబాయ్ ఒక్క ఎకసెక్కమూ ఆడలేదు. తడిగుడ్డతో మాస్టారి వేలు తుడిచాడు, తన అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టాడు. “గట్టిగా నొక్కకండి, ఊరికే ఆనించండి” అన్నాడు. అయినా ఒప్పుకోలేదు. అప్పుడు ఫోను తీశాడు. మొహం చూపించి ధ్రువీకరించుకునే పద్ధతి 2021లో వచ్చిందని ఇంగ్లిషు చదివిన మాస్టారికి తెలియదు, బాబాయ్‌కి తెలుసు. కళ్ళజోడు తీయించాడు, ఎండ వైపు తిప్పి నిలబెట్టాడు. “ఇటు చూసి కళ్ళార్పండి మాస్టారూ. ఇంకోసారి. ఆఁ, చాలు.”

తెర మీద నంబరు వచ్చింది. బాబాయ్ దాన్ని కాగితం మీద రాసిచ్చాడు, ఎవరో మర్చిపోయిన పెన్నుతోనే.

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గొంతు సర్దుకుని అన్నారు: “ఆ 430లో ఈ అర్థం లేదయ్యా. బతికున్నవాణ్ణి బతికించడం!”

“ప్రస్తుతానికి ఏడాదికే సెట్ చేశా మాస్టారూ,” అన్నాడు బాబాయ్. “మళ్ళీ నవంబరులో కనపడండి.”